అత్తరు బుడ్డి తిరిగి వచ్చిన దారి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మేము చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడుతున్నామని, ఈసారి కొంచెం తేలికైన విషయం చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. అందుకని అత్తరు గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. ఇది తేలికైన విషయమో కాదో విన్నాక మీరే అనుకోండి.

ఈ కాలంలో కర్నూలులో గాని, కడపలో గాని ఏ పెండ్లికి పోయినా, ఈద్‌గాహ్‌లో ఏ వరుసలో నిలబడినా ఒకటే వాసన. ఊదూ గులాబీ కలిసిన అత్తరు. మీసం రాని పిల్లవాడి జేబులో కూడా చిన్న బుడ్డి ఉంటుంది. దాన్ని మనవాళ్ళు "కువైట్ వాసన" అంటారు. ఆ పేరు సగం నిజం. మిగతా సగం చెప్పడానికే మేము నిలబడినాము.

ఊదు అనే మాట మన జిల్లాలకు కొత్తదా? కాదు. మొహర్రంలో పీర్ల చావిడి ముందు నిప్పుల మీద వేసేది ఊదు. వేసే చేతులు మనవొక్కటే కావు, ఊరందరివీ. అంగట్లో కొనేది ఊదుబత్తి. అరబ్బీలో ఊద్ అంటే కట్టె. అగరుబత్తి అన్నా అదే చెట్టు పేరు, సంస్కృతం గుండా వచ్చింది. ఒక చెట్టుకు రెండు భాషల పేర్లు మన వంటింటి గూట్లో పక్కపక్కన ఉన్నాయన్నమాట. తమాషా ఏమంటే, ఈనాటి బత్తీల్లో ఆ చెట్టు కట్టె ఉండటం బహు అరుదు. పీర్ల దగ్గర వేసేది కూడా ఎక్కువగా లోబాను, సాంబ్రాణి. వస్తువు ఖరీదై మన చేతిలోనుంచి జారిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఆ చెట్టు ఎక్కడిది? అరబ్బు దేశాల ఇసుకలో అది మొలవదు. అస్సాం, ఈశాన్య కొండలు, అక్కడి నుండి బర్మా, కాంబోడియా, వియత్నాం, ఇండోనేసియా దాకా పెరిగే అడవి చెట్టు. శాస్త్రజ్ఞులు దాన్ని అక్విలేరియా అంటారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టును నరికితే తెల్లగా, తేలికగా, వాసన లేని కట్టె. దానికి గాయం తగిలి, పురుగు తొలిచి, ఆ దారిన బూజు చేరితే, చెట్టు తన్ను తాను కాపాడుకోవడానికి నల్లటి జిగురు ఊరుస్తుంది. ఏండ్ల తరబడి ఊరుస్తుంది. ఆ జిగురు నిండిన కట్టెనే ఊదు. మంచి ఊదు నీటిలో వేస్తే మునుగుతుంది. చీనావారు దాన్ని పిలిచే పేరుకు అర్థమే మునిగే పరిమళం అని.

గాయపడ్డ చెట్టుకే సువాసన వస్తుందని దీన్ని నీతికథగా చెప్పేవారున్నారు. మేము చెప్పము. ఎందుకంటే అడవిలో జరిగింది వేరు. ఏ చెట్టు లోపల జిగురుందో పైకి తెలియదు గనుక, ఉన్నదీ లేనిదీ కలిపి నరికేశారు. చివరికి 1995 లో అస్సాం జాతి ఊదు చెట్టును అంతర్జాతీయ ఒడంబడిక కింద అదుపు గల సరుకుల పట్టికలో చేర్చవలసి వచ్చింది. అదే ఏడు అదే పట్టికలోకి ఎక్కిన ఇంకొక చెట్టు మీకందరికీ తెలిసినదే, మన శేషాచలం, పాలకొండల ఎర్రచందనం. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, రంగే దాని ప్రాణం. అయినా దాని కోసం మన కొండల్లో ఎందరు కూలీలు జైలు పాలైనారో మీరెరుగుదురు. దూరాన ఉన్న ధనవంతుడి ఇష్టానికి దగ్గరున్న పేదవాడు మూల్యం చెల్లించడం ఒక్క చెట్టుతో ఆగలేదు.

ఇక గులాబీ. ఇది మనకు ఇంకా పాత చుట్టం. 1443 లో హేరాత్ నుండి షారుఖ్ సుల్తాను రాయబారిగా విజయనగరం వచ్చిన అబ్దుర్ రజాక్, ఆ పట్నంలో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారని, వీళ్ళకు అన్నమెంతో గులాబీ అంతేనని ఆశ్చర్యపడి రాసుకున్నాడు. ఆ పట్నం మనకు పరాయిది కాదు. కర్నూలు నుండి హంపి ఎంత దూరం? ఈ ఎండల సీమలో ఆనాడు గులాబీ లేకుంటే పొద్దు గడవని జనం ఉండినారు.

గులాబీ అత్తరు సంగతి జహంగీర్ పాదుషా తన తుజుక్‌లో రాసినాడు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తీయిస్తుండగా, వేడి పన్నీరు పోసిన పళ్ళేల మీద తెట్టులాగా నూనె తేలింది. ఆమె దాన్ని కొంచెం కొంచెంగా ఎత్తి పోగుచేసింది. సలీమా సుల్తాన్ బేగం దానికి ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టింది. పేరు పాదుషాది, పనితనం అత్తగారిది. ఇది మన ఇండ్లలో మామూలే, నవ్వకండి.

ఇప్పటికీ ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో పాత పద్ధతిన అత్తరు తీస్తున్నారు. తెల్లవారుజామున కోసిన పూలను రాగి డేగులో నీళ్ళతో వేసి, మూతకు బంకమట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పక్కనున్న భప్కాలోకి దిగుతుంది. భప్కాలో ముందే గంధం నూనె ఉంటుంది, ఆ నూనె గులాబీని పట్టుకుంటుంది. మంట ఎక్కువైతే పువ్వు మాడుతుంది, తక్కువైతే ఆవిరి కదలదు. కాచేవాడు గడియారం చూడడు, చేతితో తడిమి, చెవితో విని తెలుసుకుంటాడు. గంధం నూనె కలపని స్వచ్ఛమైన గులాబీ నూనె ఒక కిలో కావాలంటే మూడు నుండి ఐదు వేల కిలోల రేకులు పోయాలి. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, అంగడివాడు నూరు రూపాయలకు "అసలు గులాబీ" అన్నప్పుడు పనికొస్తుంది.

కన్నౌజువాళ్ళు మట్టి అత్తరు కూడా తీస్తారు. కాల్చిన మట్టిని అదే విధంగా డేగులో వేసి తీస్తే, తొలకరి పడిన వాసన. వానకు మొగం వాచిన మన సీమవాళ్ళు దాన్నే ఎక్కువ కొనాలి నిజానికి.

సరే, ఊదు గులాబీ పూసుకుంటే ఏమవుతుంది? పూసుకున్న మొదటి నిమిషాల్లో చాలామంది మొగం చిట్లిస్తారు. ఊదు నూనె తీసేముందు కట్టె ముక్కల్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెడతారు, ఆ పులుపు నూనెలోకి దిగుతుంది. అందుకే మొదట గొడ్ల కొట్టం, పచ్చి తోలు, ఆసుపత్రి కట్టుగుడ్డ, ఇలాంటివన్నీ ముక్కుకు తగులుతాయి. ఇంట్లో పిల్లలు "ఛీ" అంటే తప్పు లేదు. పావుగంట ఓపిక పడితే గులాబీ లేస్తుంది. ఒంటి గులాబీ తియ్యగా, పెండ్లిలో చల్లే పన్నీరులాగా ఉంటుంది. ఊదు పక్కన చేరినప్పుడు దాని తియ్యదనం తగ్గి, కొంచెం మిరియపు ఘాటు, కొంచెం తేనె. ఊదుకున్న మొరటుతనం కూడా గులాబీ వల్ల నిదానిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. అరబ్బులు ఈ జంటను ఊరికే పట్టుకోలేదు.

గులాబీ సారం తేలిక, తొందరగా ఎగిరిపోతుంది. ఊదు బరువు, చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుంది. జుహర్‌కు పూసుకుంటే మగ్రిబ్ నాటికి గులాబీ జ్ఞాపకంగా మిగిలి, ఊదు మాత్రం ఎండిన కట్టెలాగా, కొంచెం పొగలాగా ఉంటుంది. మరునాడు చొక్కా కాలరులో కూడా ఉంటుంది. ఇదంతా చల్లని దేశం లెక్క. నలభై డిగ్రీలు దాటే మన ఏప్రిల్, మే నెలల్లో లెక్క మారుతుంది. వేడికి అంతా ఒక్కసారిగా లేస్తుంది, గులాబీ గంటలోపే పోతుంది, ఊదు మాత్రం చెమటతో కలిసి పక్కవాడి ముక్కును గుద్దుతుంది. కర్నూలు బస్సులో, కిటికీ సీటు దొరకని మనిషి పక్కన, మూడు చుక్కలు పూసుకున్నవాడు నిలబడితే అతనికేమో పండుగ, మిగతావాళ్ళకు పరీక్ష.

మన పెద్దలకు ఇది తెలుసు. అందుకే వాళ్ళు ఫాయా పెట్టుకున్నారు. చిటికెడు దూదిని అత్తరులో అద్ది, చెవి మడతలో దోపుకుంటే, అది దాచిపెట్టుకున్న వాసన. దగ్గరికొచ్చి సలాం చేసి కౌగిలించుకున్నవాడికే తెలుస్తుంది. సువాసన ఇస్తే ప్రవక్త (స) కాదనేవారు కారని హజ్రత్ అనస్ చెప్పిన మాట బుఖారీలో ఉంది. ఉల్లి, వెల్లుల్లి తిన్న నోటితో మసీదుకు రావద్దన్న మాట కూడా ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. స్పిరిటు కలిపిన సెంటు నమాజుకు చెల్లుతుందా అని కొందరు మమ్మల్ని అడుగుతారు. అది ఉలమాలను అడగవలసిన ప్రశ్న, మా అర్హత కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. ఈ బుడ్డి మన ఇంటికి ఏ దారిన వచ్చింది?

అస్సాంలో హోజాయి అనే ఊరు ఊదుకు పేరుపడింది. అక్కడి కట్టె, నూనె బొంబాయి మీదుగా అరబ్బు దేశాలకు పోయాయి. పెట్రోలు డబ్బు వచ్చాక అక్కడ గిరాకీ పెరిగింది, ఇక్కడ ధర మనకు అందకుండా పోయింది. సరిగ్గా ఆ కాలంలోనే రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల మనుషులు కువైట్ దారి పట్టినారు. చేలో వేరుశనగ ఎండిపోతే ఏం చేస్తారు? మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, ఆడవాళ్ళు ఇంటిపనికి. అన్ని మతాలవాళ్ళూ పోయినారు. కట్టె పోయిన దేశానికే మన మనుషులూ పోయినారు. రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో ఖర్జూరం, దుప్పటి, అత్తరు బుడ్డి. ఈ దేశపు చెట్టు సముద్రం దాటి, మన పిల్లల కూలి డబ్బుతో మళ్ళీ మన ఇంటికి చేరింది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తెచ్చినారు. ఆ ఏడు తలుపు తట్టినవాళ్ళ చేతిలో బుడ్డి ఉందా లేదా అని ఎవరూ చూడలేదు.

కువైట్‌లో పదకొండేండ్లు ఇంటిపని చేసివచ్చిన ఒక చెల్లెలు మాతో చెప్పిన మాట ఇక్కడ చెప్పాలి. ఊరూ పేరూ వద్దు. ఆ ఇంట్లో బొగ్గు రాజేసి, మబ్ఖరాలో ఊదు ముక్క వేసి, యజమానురాలి అబాయాను పొగ మీద పట్టుకోవడం ఆమె పని. అతిథుల ముందు తిప్పడం ఆమె పని. అక్కడ ఊదు తిరిగిందంటే విందు అయిపోయిందని, అతిథులు లేస్తారని అర్థం. వాళ్ళు లేచినాక గిన్నెలు కడగడం మొదలు. సెలవు మీద ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే, కూతురు దుప్పట్లో మొగం దాచి "ఇది మా అమ్మీ వాసన" అన్నదట. "ఆ వాసన తగిల్తే నాకు ఇంకా పని మిగిలుండాదేమో అనిపిస్తాదన్నా" అని ఈమె మాతో అన్నది. బిడ్డకు అమ్మ వాసన, అమ్మకు పని వాసన. ఆ బుడ్డిని ఆమె ఒక్కనాడూ పూసుకోలేదు. పారేయనూ లేదు, బిడ్డ పెండ్లికని దాచిపెట్టింది.

కాబట్టి సభలో కూర్చున్న యువకులకు ఒక మాట. అన్నో అక్కో పంపిన బుడ్డి అయితే, దాని ఖరీదు స్నేహితులకు చెప్పుకోవద్దు. ఈసారి ఫోనులో "ఇంకొకటి పంపు" అనే ముందు, మోకాళ్ళ నొప్పి ఎట్లుందో, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉందో అడగండి. పాస్‌పోర్టు సంగతి మేము తమాషాకు అనలేదు. ఈ సంఘానికి వచ్చే అర్జీల్లో అది కూడా ఉంటుంది.

కొనేవాళ్ళకు కూడా కొంచెం. అత్తరు తులాల లెక్కన అమ్ముతారు, తులమంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకు. చవకగా దొరికే ఊదు, గులాబీ చాలావరకు కార్ఖానాలో చేసిన రసాయనాలు. వాటిలో మంచివీ ఉన్నాయి, పూసుకోవచ్చు. అసలు వస్తువు ధర ఇచ్చి కొనడమే నష్టం. గంధం నూనె ప్రియమైనాక కన్నౌజులో కూడా చాలామంది పారఫిన్ నూనె వాడుతున్నారు. బుడ్డి మూత వాసన చూసి మోసపోకండి. మణికట్టు మీద చుక్క పెట్టుకొని, బజారంతా తిరిగి, గంట తర్వాత నచ్చితే అప్పుడు కొనండి. మొదట గుప్పున కొట్టి, గంటకే ఏమీ మిగలకపోతే అందులో ఊదు లేనట్టే. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంట్లో తలుపులు మూసి ఊదు పొగ వేయకండి. ఎండాకాలం ఒక్క చుక్క, అదీ స్నానం చేసి ఒళ్ళు ఆరినాక.

చివరగా ఈ సభ ముందు ఒక ప్రతిపాదన. కడప పెద్ద దర్గా ఉరుసులో గంధం అందినవారంతా అదే గిన్నెలోది పూసుకుంటారు, ఎవరి గంధం ఎంత ఖరీదని అడిగేవాడుండడు. వచ్చే ఈదుకు మన సంఘం తరపున ఈద్‌గాహ్ గేటు దగ్గర ఒక బల్ల వేసి, ఒక మంచి బుడ్డి, ఒక పొట్లం దూది పెడదాము. లోపలికి పోయే ప్రతివాడికీ ఒక ఫాయా, జేబులో బుడ్డి ఉన్న పిల్లవాడికీ లేని పిల్లవాడికీ అదే. మొదటి తులం మేమిస్తాము. దూది సంగతి కోశాధికారిగారు చూసుకుంటారని ఆశిస్తున్నాము. తీర్మానాల పుస్తకంలో రాసుకోమని కోరుతూ, సెలవు. అస్సలాము అలైకుం.