ఒక తపాలా పెట్టె, నాలుగు యంత్రములు

ఉత్తరము పోయినది అనుటకు మన భాషలో రెండర్థములు కలవు. గమ్యమునకు బయలుదేరినదని ఒకటి, కనబడకుండ పోయినదని మరియొకటి. ఈమెయిలు ఇంటింట వాడుకలోనికి వచ్చిన పిదప మా శ్రోతల లేఖలలో ఈ రెండవ అర్థమే హెచ్చుగా వినబడుచున్నది. ఉదయము ఫోనులో చూచినది సాయంత్రము కంప్యూటరులో లేదని ఒకరు, కంప్యూటరునుండి వ్రాసిన జవాబు ఫోనులో కానరాదని మరియొకరు, ఫోను మార్చగనే పాత ఉత్తరములన్నియు మాయమైనవని వేరొకరు వ్రాయుదురు. మొరలు మూడైనను మూలము ఒక్కటియే. ఉత్తరము నిజముగా ఎక్కడ ఉన్నదో ఆ ఇంటివారికి తెలియదు.

మన పేర వచ్చు ఈమెయిలు ముందుగా మన ఫోనునకు రాదు. రాత్రింబగళ్లు మేల్కొనియుండు సర్వరు అను దూరపు యంత్రమునకు చేరును. అచ్చట మన పేర ఒక పెట్టె ఉండును. ఫోను, టాబ్లెట్, కంప్యూటరు ఆ పెట్టెకు తెరచిన కిటికీలైనను కావచ్చును, అందలి ఉత్తరములను మోసికొనిపోవు సంచులైనను కావచ్చును. ఏది కిటికీయో ఏది సంచియో ఎరుగనిచోటనే చిక్కు పుట్టుచున్నది.

1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు మొదటి ఉత్తరము పంపిన నాడు ఈ చిక్కు లేదు. ఉత్తరము ఏ యంత్రమునకు వచ్చెనో అచ్చటనే చదువుకొనెడివారు. తరువాత సొంత కంప్యూటర్లు వచ్చినవి. టెలిఫోను తీగపై సర్వరును అందుకొని, క్షణములు లెక్కించుకొనుచు పని ముగించుకొనవలసిన రోజులవి. ఆ అవసరమునకు 1984లో పాప్ అను పద్ధతి పుట్టినది. పోస్టాఫీసు అను మాట దాని పేరులోనే కలదు. 1988లో వచ్చిన దాని మూడవ రూపమే నేటికిని వాడుకలో ఉన్నది. దీని రీతి సులభము: సర్వరును పిలుచును, ఉన్న ఉత్తరములన్నిటిని మన యంత్రములోనికి దింపును, మరొక విధముగ చెప్పియుండనిచో పెట్టెను ఖాళీ చేసి వచ్చును. సర్వరులో చోటు ఖరీదైన కాలమున అది మర్యాదయే.

అదే 1984లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ కరణముల ఉద్యోగములు రద్దయినవి. ఈ రెంటికిని సంబంధము లేదు గాని పోలిక బాగుగ కుదురును. కరణముగారి ఇంట దస్త్రమున్నంత కాలము ఊరి లెక్క చూడవలెనన్న ఆయన అరుగు ఎక్కవలసినదే. పాప్ పద్ధతి కూడ అట్టిదే. ఏ యంత్రము ముందుగా ఉత్తరములను దింపుకొనునో దస్త్రము దాని ఇంట చేరును. రెండవ యంత్రము వచ్చునప్పటికి పెట్టెలో ఏమియు ఉండదు.

దీనికి భిన్నమైన పద్ధతి 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమాప్. దీని మొదటి పేరులో తాత్కాలికము అను మాట ఉండెడిదట! ఆ తాత్కాలికము నలువది యేండ్లనుండి నడచుచున్నది. 2021లో గూడ దానికి క్రొత్త కూర్పు వెలువడినది. ఇందు దస్త్రము కచేరీలోనే ఉండును. చదివినది, చదువనిది, తుడిచినది, ఏ అరలో పెట్టినది అను గుర్తులును సర్వరులోనే ఉండును. కావున ఎన్ని యంత్రములనుండి చూచినను దస్త్రము ఒక్కటే.

ఇది వట్టి యంత్రశాస్త్రముగా తోచవచ్చును. తెనాలినుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాకు వ్రాసిన సంగతి వినుడు. వారి కుమారుడు అమెరికాలో ఉన్నాడు. పదునొకండేండ్లుగా ఆయన పంపిన ఉత్తరములన్నియు ఇంటిలోని పాత కంప్యూటరులోనికి పాప్ పద్ధతిన దిగుచు వచ్చినవి. ఒకనాడు ఆ కంప్యూటరు డిస్కు చెడినది. సర్వరులో వెదకిరి, ఒక్క ఉత్తరమును లేదు. వానిలో మనుమరాలు పుట్టిన నాటి ఉత్తరము ఒకటి ఉన్నదట. ఆమెకు దానిని చూపింపవలెనని తాతగారి కోరిక. కుమారుడు తన పంపిన ఉత్తరముల అరను వెదకగా కొన్ని మాత్రము దొరకినవి. ఆ ఒక్కటి వానిలో లేదు.

మీ ఇంట ఏ పద్ధతి ఉన్నదో కనుగొనుట కష్టము కాదు. ఉత్తరములు చూచు ప్రోగ్రాములో ఖాతా అమరికలు తెరచి, వచ్చు ఉత్తరముల సర్వరునకు ఎదురుగనున్న సంఖ్య చూడుడు. 995 గాని 110 గాని యున్న అది పాప్. 993 గాని 143 గాని యున్న ఐమాప్. పాప్ అయినచో సర్వరులో ఒక ప్రతి ఉంచుము అను గడి కూడ ఉండును. దానిపై గుర్తు ఉన్నంతమాత్రమున నిశ్చింతగా ఉండరాదు. కొన్ని ప్రోగ్రాములలో దాని క్రిందనే 14 దినముల పిమ్మట తీసివేయుము అని మరియొక గడి కలదు. రెండు వారములు అంతయు బాగుగ నడచి, తరువాత ఉత్తరములు ఒక్కొక్కటే జారిపోవుటకు కారణము తరచుగ ఇదియే.

పాప్‌నుండి ఐమాప్‌నకు మారునప్పుడు తొందరపాటు పనికిరాదు. పాత ఖాతాను తీసివేసి క్రొత్తది పెట్టుకొనిన, దానితోబాటు దింపుకొనిన ఉత్తరములును పోవచ్చును. పాతదానిని అట్లే ఉంచి, అదే చిరునామాను ఐమాప్ పద్ధతిన రెండవ ఖాతాగా చేర్చవలెను. పిదప పాత అరలలోని ఉత్తరములను కొన్ని కొన్నిగా క్రొత్త అరలలోనికి నకలు చేయవలెను. నకలనగా ప్రతి తీయుట, తరలించుట కాదు. అవి సర్వరునకు ఎక్కుటకు గంటలు పట్టవచ్చును. ఫోనులో తెరచి, పదేండ్లనాటి ఉత్తరము ఒకటి దానిలో చదివి చూచిన తరువాతనే పాత ఖాతా జోలికి పోవలెను.

ఇంతతో భద్రమనుకొనుట పొరపాటు. దస్త్రము ఒక్కటే యగుటచేత ఫోనులో తుడిచినది అన్ని యంత్రములలోను తుడుపుపడును. పసివాడు ఫోను పట్టుకొని వ్రేలు జరపినను అంతే. జీమెయిలులో అట్లు తుడిచినది చెత్తబుట్టలో 30 దినములుండి శాశ్వతముగ పోవును. అయితే పోయినవనుకొనినవన్నియు పోవు. ఫోనులో వ్రేలితో ప్రక్కకు జరపిన ఉత్తరము అమరికనుబట్టి చెత్తబుట్టకు గాక ఆర్కైవ్‌నకు పోవచ్చును. అది అన్ని ఉత్తరములు అను అరలో పదిలముగ ఉండును. పంపినవారి పేరుతో వెదకిన దొరకును.

చదివిన గుర్తు విషయమున మా అభిప్రాయము ఒకటి కలదు. భార్యాభర్తలు ఒకే చిరునామా వాడు ఇండ్లలో, ఒకరు తెరచిన ఉత్తరము రెండవవారికి చదివినదానివలె కనబడును. వారు చూచికొనిరి గదా అని వీరు, వీరు చూచికొందురు గదా అని వారు ఊరకుందురు. కరెంటు బిల్లు గడువు దాటును. చూచి పక్కనపెట్టిన ఉత్తరమునకు చదువనిది అను గుర్తు మరల పెట్టుట మేలు. ఎవరి చిరునామా వారికుండుట అంతకన్న మేలు.

సర్వరును మరీ నమ్ముకొనరాదనుటకు వేరొక కారణమును కలదు. గూగుల్ ఉచితముగ ఇచ్చు 15 గిగాబైట్ల చోటును ఉత్తరములు, ఫొటోలు, ఇతర పత్రములు పంచుకొనును. పెండ్లి వీడియోలతో అది నిండినచో క్రొత్త ఉత్తరములు లోనికి రావు, పంపినవారికే తిరిగి పోవును. రెండేండ్లు ముట్టని ఖాతాలను తొలగించు విధానమును ఆ సంస్థ 2023 డిసెంబరునుండి అమలుచేయుచున్నది. కావున ఏడాదికొకసారియైనను ఉత్తరములన్నిటి ప్రతిని వేరొక డిస్కులోనికి తీసికొనవలెను. గూగుల్ టేక్‌అవుట్ అను సదుపాయము ఇందుకే యున్నది.

ఈ ఆదివారము తీరిక చేసికొని ఒక పరీక్ష చేయుడు. ఇంటిలోని ప్రతి యంత్రమునుండి మీ చిరునామాకు మీరే ఒక ఉత్తరము పంపుడు. ఏ యంత్రమునుండి పంపినది ఆ ఉత్తరములోనే వ్రాయుడు. అయిదు నిమిషములాగి, అన్నిటిలోను వచ్చినవాని అరను, పంపినవాని అరను రెంటిని చూడుడు. వచ్చినవి అంతట కనబడి, పంపినది మాత్రము పంపిన యంత్రములోనే నిలిచినచో, ముందుగా ఆ యంత్రపు అమరికలలోని సంఖ్యను చదువుడు.