ఊరి చరిత్రకు కాగితమే సాక్షి
(గ్రామ గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన ఊరి చరిత్ర యేదని ఎవరైన అడిగినచో గుడినో, బురుజునో చూపుదుము. రాయి శాశ్వతమని మన నమ్మకము. కాని రాయి నశించి కాగితము నిలిచిన సందర్భములును గలవు. గుంటూరు సీమలోని అమరావతియే యిందుకు నిదర్శనము.

18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచట పట్టణము కట్టించుచుండగా, దీపాలదిన్నె యను దిబ్బనుండి చెక్కడపు రాళ్లు బయల్పడినవి. అది బౌద్ధ స్తూపమని నాడెవరును ఎరుగరు. పెక్కు రాళ్లు క్రొత్త కట్టడములలో కలిసిపోయినవి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ అప్పుడొకసారి వచ్చి చూచి, 1816లో మరల వచ్చి, దిబ్బను కొలిపించి, శిల్పములకు చిత్రములు వ్రాయించెను. 1817 నాటి ఆ దిబ్బ పటమును, చిత్రములును నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. వానిలో కనబడు శిల్పములు కొన్ని నేడు ఎచ్చటను లేవు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసు చేర్చిన రాళ్లకు 1858లో లినేయస్ ట్రైప్ ఛాయాచిత్రములు తీసెను. పటమును, చిత్రమును, ఛాయాచిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చూచియే పండితులు చెదరిన స్తూపపు రూపమును నిర్ణయింప యత్నించుచున్నారు.

మెకంజీకి కుడిభుజమై నిలిచినవారు తెలుగువారే. ఏలూరు వారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. బొర్రయ్య 1803లో మరణింపగా లక్ష్మయ్య ఆ కార్యమును కొనసాగించెను. మెకంజీ సహాయకులు ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, శాసనములకు నకళ్లు తీసి, పెద్దలు చెప్పినది వ్రాసికొనిరి. అవియే కైఫియత్తులు. ఊరు కట్టిన విధము, చెరువు త్రవ్వించినవారు, గుడికిచ్చిన మాన్యములు వానిలో కనబడును. 1821లో మెకంజీ మరణించిన పిమ్మట, శిథిలమగుచున్న ప్రతులకు సి. పి. బ్రౌను నకళ్లు వ్రాయించెను. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున ఇట్టివి పెక్కు గలవు. గుంటూరు, కడప ప్రాంతముల కైఫియత్తులు కొన్ని అచ్చయినవి కూడ.

అయితే కైఫియత్తులోని ప్రతి మాటయు సత్యమని తలంపరాదు. అందు విన్న కథయు, కన్న విషయమును కలిసియుండును. దానిని శాసనముతోను, గ్రామ నక్షాతోను సరిచూడవలెను. మూడును ఏకీభవించినచోట మన పాదము గట్టి నేలపై నున్నట్లు.

ఇది పండితుల వేడుక మాత్రమే కాదు. చెరువు ఎంతవరకు నుండెడిదో, వాగు ఏ త్రోవను పారెడిదో, శ్మశానమునకు బాట ఎటు పోయెడిదో తెలియనిచో, ఊరి ఉమ్మడి భూమి నిశ్శబ్దముగా తరిగిపోవును. తగవు వచ్చిన నాడు పాత నక్షా చూపగలిగిన ఊరి మాట నిలుచును.

ఆంధ్రప్రదేశమున 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి. పెక్కు ఇండ్లలో పాత కవిలెలు అటుకలపైననే మిగిలిపోయినవి. చెదలు తినకముందే వానిని దింపి చూతము. చిరిగిన కాగితమునకు జిగురు పట్టీ అంటింపరాదు. తడి తగులని చోట శుభ్రమైన నూలుబట్టలో చుట్టి యుంచవలెను. పాత ఛాయాచిత్రము వెనుక, అందలి వారి పేర్లు, ఊరు, సంవత్సరము పెన్సిలుతో మెల్లగా వ్రాయవలెను. ఆ ముఖములను గుర్తింపగల వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను.

నాడు ఊరూర తిరిగి అడిగి వ్రాసికొన్నవారుండిరి. నేడు మన ఊరి సంగతి మనమే వ్రాసికొని, మనమే కాపాడుకొందము.