మూలబడిన ఫియటు కారు

బేగంబజారులో ఇత్తడిబిందె కొనువాడు దానిని తలక్రిందులు చేసి, వ్రేలితో మీటి, నాదము విని గాని డబ్బు తీయడు. జీడిపప్పు కొనువాడు గుప్పెడు చేతబట్టి వాసన చూచును. రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాను బేగమైన హందా బేగము ఈ స్థలమును వర్తకుల కొసగెనని చెప్పుదురు. నాటినుండి నేటివరకు మూసీనదికి ఉత్తరపుటొడ్డున బేరము మాటలు ఆగినది లేదు. అట్టిచోట ఫీల్‌ఖానా వైపు పోవు నొక సందులో, ఒక సేఠుగారి యింటి వెనుక దొడ్డిలో, మేమొక కారును చూచితిమి. దానిని గురించియు, అట్టి కారును కొని బాగుచేసికొనవలెనని ముచ్చటపడు శ్రోతలు ముందుగా చూచుకొనవలసిన విషయములను గురించియు నేడు ముచ్చటింపదలచితిమి.

అది 1971లో రిజిష్టరయిన ఫియటు 1100 డిలైటు. పైన చినిగిన టార్పాలిను, దానిపై గోనెసంచులు. చక్రములలో గాలి పోయి రబ్బరు నేల కతుక్కొని యున్నది. వెనుక సీటులోని కొబ్బరిపీచును ఎలుకలు పంచుకొనినవి. ముప్పదియేండ్లుగా ఎవరును తాళము త్రిప్పలేదట.

ఈ కారు కులీనుల యింటి బిడ్డ కాదు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ, బొంబాయిలోని కుర్లా కర్మాగారమున, 1950లలో ఇటలీవారి ఫియటు 1100ను తయారుచేయసాగెను. గుండ్రని వీపుగల తొలినాటి బండిని బొంబాయి జనులు ‘డుక్కర్’ అనిరి. మరాఠీలో పంది యని అర్థము. తిట్టువలె వినబడినను అది ముద్దుపేరే. తరువాత డిలైటు వచ్చెను. 1972లో అది ప్రెసిడెంటు, 1974లో పద్మిని యయ్యెను. డాక్టరుగారు, ప్లీడరుగారు, కాలేజీ లెక్చరరు, కొంచెము కలిగిన వర్తకుడు పేరు నమోదు చేసికొని ఏండ్లతరబడి వేచి తెచ్చుకొన్న బండి యిది. నాలుగు సిలిండర్లు, 1089 ఘన సెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు ప్రక్కన గేరుకఱ్ఱ. సుమారు 40 గుఱ్ఱముల శక్తి. అంతే.

ఇదే నగరములో చౌమహల్లా ప్యాలెసుకు పోయినచో, ఆరవ నిజాము కాలమున ఆర్డరు చేయబడి, ఆయన పోయిన తరువాత వచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిసు కనబడును. సింహాసనమువంటి ఆసనము గల యా కారును ఎవరో యొకరు కాపాడుచునే యుందురు. వేలకొలది ఇండ్లలో నుండిన ఫియటునకు ఆ భాగ్యము లేదు. అందరికిని ఉండెను గనుకనే ఎవరును దాచలేదు. మేము చూచిన కారుకు కూడ మరుసటి వారము కబాడీవాడు వచ్చు నేర్పాటు జరిగియుండెను. బరువు దాదాపు 900 కిలోలు. ఇనుము ధర కట్టి తీసికొనిపోవును. మా కున్న గడువు ఏడు దినములు.

మా మిత్రుడొకడు ఈ సాహసమును వారింపజూచెను. నగరమునకు మఱియొక మూలన, అదే తరము ఫియటు, కొత్త రంగుతో అద్దమువలె మెరయుచు, నడుచు స్థితిలో నున్నదనియు, ధర రెట్టింపైనను శ్రమ తప్పుననియు అతని వాదము. న్యాయముగానే తోచెను. చిన్ననాటినుండి ఫియటులనే బాగుచేసిన యొక వృద్ధుడైన ఉస్తాదును వెంటబెట్టుకొని పోయితిమి. ఆయన బానెటు తెరువలేదు. ఇంజను చప్పుడు వినలేదు. జేబులోనుండి గుడ్డలో చుట్టిన అయస్కాంతము తీసి, తలుపుల క్రింద ముందునుండి వెనుకకు పోవు రేకుపెట్టెల పొడవునా ఆనించుచు పోయెను. రెండుచోట్ల అంటుకొనెను, మిగిలిన చోట్ల జారి క్రిందపడెను. అనగా అచ్చట ఇనుము లేదు. లప్పము, పైన రంగు.

ఈ విషయమును శ్రోతలు కొంచెము శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు వంటి కారుకు క్రింద వేఱుగా ఇనుప చట్రము, దానిపై బిగించిన బాడీ యుండును. ఫియటు 1100కు అట్టి చట్రము లేదు. నేల రేకు, తలుపుల క్రిందిపెట్టెలు, కప్పు, స్తంభములు అన్నియు ఒక్కటిగా అతుకబడి, ఆ డొల్లయే బండి బరువును మోయును. దానివలననే బండి తేలికయై, పెట్రోలు తక్కువ త్రాగెను. కాని తలుపుల క్రిందిపెట్టెలలో నీరు నిలిచి తుప్పు తినినచో వెన్నెముక తిన్నట్లే. తలుపు తెరచి, మరల మూయునప్పుడు సరిగా గాడిలో పడక, కొంచెమెత్తి మూయవలసి వచ్చినచో అది కీలు లోపము కావచ్చును, బండి నడుము వంగుటయు కావచ్చును. ఎత్తకుండ మూయబడు తలుపు మంచి సాక్షి.

బేగంబజారు కారు దగ్గఱకు వచ్చి ఉస్తాదు మరల అయస్కాంతము తీసెను. క్రిందిపెట్టెల పొడవునా అది అంటుకొనుచు పోయెను. డ్రైవరు పాదముల క్రింద మాత్రము నేల రేకు లేనే లేదు. చెయ్యి పెట్టగా దొడ్డిమట్టి తగిలినది. సేఠుగారు కొంచెము నొచ్చుకొని, “ఇంజను ఫస్టుక్లాసు సార్, బ్యాటరీ ఒక్కటి వేయించుకోండి చాలు” అనిరి. ముప్పదియేండ్లు కదలని ఇంజనుకు బ్యాటరీ తగిలించుట పెద్ద తప్పు. ఉంగరములు సిలిండరు గోడలకు పట్టి యుండును. బలవంతమున త్రిప్పినచో విరుగును. ఉస్తాదు నవ్వి మాతో, “ఇంజను సంగతి నాకిడిసిపెట్టుండ్రి సాబ్. అది ఇనుము, ఎట్లన్న బాగైతది. బాడీ వోతె బండి వోయినట్టే” అనెను. నేల రేకు వేయుట సులభము, వెన్నెముక వేయుట కష్టము. ఆ దినముననే మా మనస్సు నిశ్చయమయ్యెను.

అయినను డబ్బు చేతికీయలేదు. బండి సేఠుగారి తండ్రిగారి పేర నుండెను. ఆయన కాలధర్మము చెంది ఏండ్లయినది. సొంతదారు మరణించినపుడు వారసులు ముప్పది దినములలో తెలియజేసి, మూడు మాసములలో 31వ నంబరు ఫారములో తమ పేరు మార్పించుకొనవలెను. ఆ పని యెవరును చేయలేదు. మువ్వురు కుమారులలో ఒకరు కబాడీ బేరమునకే మొగ్గియుండిరి. ముగ్గురి సంతకములును, తల్లిగారి సమ్మతియు లేనిదే, అది మా చేతిలో కారు కాదు, ఇనుపముద్దయే. చాసిస్ సంఖ్యపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది, పాత రిజిష్ట్రేషను పుస్తకముతో సరిచూచితిమి. అక్షరము తేడా లేదు. ఆ కాగితము చూచి తల్లిగారు చాలసేపు మాటాడలేదు. పిదప, “దసరాకు ఆయనే కడిగి బొట్టు పెట్టేవారు, బేటా. ఇనుమోనికి ఇయ్యకుండ్రి” అనిరి. ఆమె మాటతో మూడవ సంతకమును పడెను, కబాడీవాడు రావలసిన దినమునకు ముందటి సాయంకాలము.

కాగితములపై ఇంత పట్టుదల యెందుకనగా, 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదటి రిజిష్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, చాసిసునందు గాని, బాడీయందు గాని, ఇంజనునందు గాని మార్పు లేక, మూలరూపముననున్న బండికి ‘వి.ఏ.’ అను అక్షరములతో సంఖ్య నిత్తురు. క్రొత్తగా రిజిష్టరు చేయుటకు రుసుము 20,000 రూపాయలు, పదియేండ్లు చెల్లును. పాత సంఖ్యగల బండి ఆ సంఖ్యనే నిలుపుకొనవచ్చును. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనుటకు నడుపవచ్చును గాని నిత్యము ఆఫీసుకు పోవుటకు వీలులేదు. ‘డీజిలు ఇంజను బిగించుకొనుడు, ఖర్చు తగ్గును’ అని సలహా ఇచ్చువారు ఈ నిబంధన యెఱుగనివారు.

ఇంటికి తెచ్చిన పిదప స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములగుండా కిరోసిను, ఇంజను నూనె కలిపి పోసి, ఎనిమిది దినములు ముట్టలేదు. తొమ్మిదవనాడు టాపు గేరులో నుంచి నలుగురము ముందుకు వెనుకకు ఊపగా, చీలమండ విరిచినట్లు చప్పుడై, ఇంజను కదలినది. ఆ చప్పుడునకు ఉస్తాదు ముఖము చూడవలసినదే. తొట్టిలోని పాత పెట్రోలు జిగురై గొట్టములను మూసినది. రబ్బరు గొట్టములన్నియు మార్చితిమి. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. 1971 నాటి రబ్బరు దానిని తాళదు.

మా అవివేకము నొకటి చెప్పక తప్పదు. ఉత్సాహములో బోల్టులన్నియు ఊడదీసి ఒకే బిస్కత్తు డబ్బాలో వేసితిమి. ఏది దేనిదో తేల్చుకొనుటకు మూడు మాసముల ఆదివారములు పోయినవి. ఒక్కొక్క దానికి చీటి కట్టి యుండిన ఈ పని తప్పెడిది. పోయిన బోల్టులకై ఒక నమూనా జేబులో వేసికొని బేగంబజారు హార్డువేరు దుకాణముల మెట్లెక్కితిమి. ఇటలీ బండి గనుక మరచుట్లు మిల్లీమీటర్ల లెక్కవి. అంగుళముల లెక్కగల ఇంగ్లీషు బండ్ల బోల్టులు దీనికి పట్టవు. దుకాణదారు వ్రేలితో తడిమియే ‘ఎనిమిది నంబరు’ అని తూచి ఇచ్చెను. ఇత్తడి నట్లు, తీగబ్రష్షులు, గరుకు కాగితము, నేలకు వలసిన రేకు అన్నియు కారు పడియున్న సందుకు నూఱడుగుల లోపలనే దొరికినవి.

ఇంతవరకు కొన్న ధరకు మూడురెట్లు ఖర్చయినది. ఇంకను రంగు వేయలేదు. ఈ డబ్బు తిరిగి రాదని ముందే తెలిసియే దిగితిమి. రావలెనని దిగువారు దిగకుండుట మేలు. బ్రేకు సిలిండర్లు బిగించవలసి యున్నది. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే గనుక, అవి సరిగా పట్టువరకు వీధిలోనికి తేదలచలేదు. పోయిన దసరాకు సిద్ధము చేయుదుమని తల్లిగారికి మాట ఇచ్చి తప్పితిమి. ఆ పండుగనాడు ఆమె కుమారునిచే ఒక చిన్న పొట్లము పంపిరి. బీరువా అడుగున దొరికినదట. అందులో డిక్కీ తాళపుచెవి యున్నది. అంతకు పదిదినముల క్రిందటనే మేము డిక్కీ తాళమును పగులగొట్టించి యుంటిమి.