గేదెపాలు దూడకు, తల్లిపాలు బిడ్డకు



పంటల సంగతి, పాడి సంగతి చెప్పేవాడికి పసిపిల్లల పాల గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చును. మన ఇళ్లలో పాడి ఉన్నది గనుకనే ఈ సంగతి ఎత్తవలసి వచ్చింది.

గేదె ఈనగానే దూడకు జున్నుపాలు పట్టిస్తారు. అవి పడకపోతే దూడ నిలవదని మీకు తెలుసు. అదే ఇంట్లో కోడలు ప్రసవిస్తే, ముర్రుపాలు పచ్చగా ఉన్నాయని పిండి పారబోసేవారు ఇంకా ఉన్నారు. బిడ్డకు తేనె నాకిస్తారు, చక్కెరనీళ్లు పోస్తారు. దూడకు చేసే న్యాయం బిడ్డకు చేయవద్దా? పుట్టిన గంటలోపే బిడ్డకు తల్లిపాలు పట్టించవలెను. రోగాలను ఎదిరించే శక్తి ముర్రుపాలలో ఉన్నది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా కూడదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసికందుల ప్రాణం మీదికి తేగలదు.

6 నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు. ఎండాకాలంలో కూడా మంచినీళ్లు పట్టనక్కరలేదు. పాలు చాలుతున్నాయో లేదో అని అనుమానమా? మొదటివారం గడిచాక బిడ్డ రోజుకు 6 సార్లకు తగ్గకుండా ఒంటికి పోస్తూ, అంగన్‌వాడీ తూకంలో బరువు పెరుగుతూ ఉంటే చాలుతున్నట్టే. తల్లి కలుపుకో, నాట్లకో వెళ్లవలసి వస్తే, శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టి వెళ్లవచ్చును. చల్లని చోట ఉంచి 4 గంటలలోపు, ఎండలు ముదిరితే ఇంకా ముందే, వాడెయ్యాలి.

"ఇంట్లో చిక్కటి గేదెపాలు ఉన్నాయి గదా" అంటారు పెద్దవాళ్లు. ఆ చిక్కదనంలోనే ఉంది చిక్కు. 100 గ్రాముల తల్లిపాలలో మాంసకృత్తులు సుమారు 1 గ్రాము. ఆవుపాలలో 3 గ్రాముల పైన, గేదెపాలలో ఇంకా ఎక్కువ. ఆవుదూడ దాదాపు 2 నెలల్లో రెట్టింపు బరువు తూగుతుంది. మన బిడ్డకు సుమారు 5 నెలలు పడుతుంది. దూడకు తగిన పాలు బిడ్డ లేత మూత్రపిండాలకు బరువు. వాటిలో ఇనుము కూడా తక్కువ, అందుచేత రక్తహీనత వస్తుంది. నీళ్లు కలిపితే బలం తగ్గుతుందే గాని ఇనుము రాదు.

తల్లి లేకపోయినా, తల్లిపాలు ఇవ్వడానికి వీలులేకపోయినా, డాక్టరును అడిగి పసిపిల్లల డబ్బాపాలు వాడండి. డబ్బాపాల ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించింది. కాబట్టి దుకాణదారు మాట కాదు, డాక్టరు మాట వినండి. మరిగించిన నీళ్లు వేడిగా ఉండగానే, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పొడి కలిపి, గోరువెచ్చగా ఆరనిచ్చి పట్టాలి. నాలుగు రోజులు ఎక్కువ రావాలని పలచన చేస్తే బిడ్డను పస్తు పెట్టినట్టే. పాలసీసా వద్దు. మరిగే నీళ్లలో ఉడికించిన ఉగ్గుగిన్నె మేలు. బిడ్డ తాగగా మిగిలిన పాలు దాచవద్దు.

6 నెలలు నిండాక తల్లిపాలు ఇస్తూనే మెత్తటి పప్పన్నం, ఆకుకూర, ఉడికిన గుడ్డు అలవాటు చేయండి. ఆ వయసులో తల్లిపాలు లేని బిడ్డకు ఆవుపాలో గేదెపాలో పట్టవలసి వస్తే, ముందు డాక్టరును అడగండి. అవి తిండికి తోడు మాత్రమే, తిండికి బదులు కాదు. పచ్చిపాలు ఎన్నడూ పట్టరాదు, బాగా కాచవలెను.

ఏడాది నిండాక మీ పాడి పాలు బిడ్డకు గ్లాసులో పోసి ఇవ్వండి. అందాకా గేదెపాలు కేంద్రానికి పోసి, ఆ డబ్బుతో బాలింతకు పప్పు, గుడ్లు, ఆకుకూరలు కొనిపెట్టండి. తల్లి కడుపు నిండితే బిడ్డ కడుపూ నిండుతుంది.