ప్రతిభ ఎవరిది? తీరిక ఎవరిది?
ప్రోగ్రామర్ల లోకంలో చర్చలు - మన ఆడపిల్లలు

(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్లు, పట్టాలు, వరకట్నం కేసులు, గృహహింస - వీటితోనే మనకు తెల్లవారుతుంది, వీటితోనే పొద్దుగూకుతుంది. అలాంటప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు తమలో తాము పడే వాదులాటలతో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. ఎందుకంటే ఆ లోకంలోకి ఇప్పుడు మన పిల్లలు వెళుతున్నారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. అంతకుముందునుంచే ఇది ఇంజనీరింగు కాలేజీల ఊరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన తర్వాత ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె పల్లెలనుంచి దళిత, వెనుకబడిన కులాల, ముస్లిం కుటుంబాల ఆడపిల్లలు బస్సెక్కి ఈ కాలేజీలకు రావడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది కంప్యూటర్ సైన్సే తీసుకుంటున్నారు. చేతికొచ్చే డిగ్రీ గురించి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ డిగ్రీ తీసుకెళ్లే లోకం ఎలాంటిదో, అక్కడి విలువలేమిటో, వాటిమీద అక్కడే ఎంత పోరు నడుస్తోందో మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ఈ రోజు ఆ మాట మాట్లాడుకుందాం.

ముందు ఒక పదం సంగతి. ‘హ్యాకర్’ అనగానే మనకు గుర్తొచ్చేది బ్యాంకు ఖాతా ఖాళీ చేసే దొంగ. పత్రికలు ఆ అర్థంలోనే వాడుతున్నాయి. ప్రోగ్రామర్లలో ఆ మాటకు వేరే అర్థం ఉంది. 1950ల చివర అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థుల మధ్య అది వాడుకలోకి వచ్చింది. యంత్రాన్ని విప్పి చూసి, అర్థం చేసుకుని, మరింత బాగా పనిచేయించే నేర్పరి అని వాళ్ల ఉద్దేశం. ఆ నేర్పరుల మధ్య కొన్ని నమ్మకాలు పాతుకుపోయాయి. విజ్ఞానాన్ని దాచకూడదు, అధికారాన్ని గుడ్డిగా నమ్మకూడదు, మనిషిని డిగ్రీని బట్టీ హోదాను బట్టీ కాక అతని పనిని బట్టే అంచనా వేయాలి. 1984లో స్టీవెన్ లెవీ ఈ నమ్మకాలను ఒక పుస్తకంలో సూత్రాలుగా రాసిపెట్టాడు.

ఈ నమ్మకాల్లో మంచి లేదని నేను అనను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఇక్కడినుంచే పుట్టింది. ప్రోగ్రామును ఎవరైనా వాడవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు అన్నది దాని సారాంశం. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఆ దారిలోనే పెరిగింది. మన హైదరాబాద్‌లో 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ కంప్యూటర్‌ను తెలుగులో పనిచేయించడానికి పూనుకుంది, ఇంజనీరింగు విద్యార్థులకు శిబిరాలు నడిపింది. చదువును కొందరి సొత్తుగా ఉంచడాన్ని వ్యతిరేకించే మనకు ఈ ఆలోచన పరాయిది కాదు. అందుకే దాని లోపాల గురించి మనం బయటివాళ్లలా కాక, సొంతవాళ్లలా మాట్లాడాలి.

అసలు చిక్కంతా ఆ మూడో నమ్మకం దగ్గరుంది. ‘పని ఒక్కటే మాట్లాడాలి’ అంటారు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! కులం అడగం, ఆడా మగా అడగం, కోడ్ బాగుంటే తీసుకుంటాం అంటున్నారు. కానీ ఈ మాట మనం ఇదివరకే విన్నాం. 1990లో మండల్ సిఫార్సులకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో రోడ్ల మీద వినిపించిన ‘ప్రతిభ’ అనే మాట ఇదే కదా? పరీక్ష హాల్లోకి అడుగుపెట్టేదాకా ఎవరి జీవితం ఎలా గడిచిందో అడగకుండా, హాల్లో రాసింది మాత్రమే చూస్తామనడం ఇందులోనూ ఉంది. ఇంగ్లీషులో ప్రతిభావంతుల పాలన అనే అర్థమిచ్చే మాటకు ప్రచారం తెచ్చిన మైకేల్ యంగ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958లో దాన్ని వ్యంగ్యంగానే వాడాడు. ఆ వ్యంగ్యాన్ని లోకం ఆదర్శంగా తీసుకుంది.

‘పనే మాట్లాడుతుంది’ అన్నది నిజమైతే చరిత్రలో ఆడవాళ్ల పని ఎందుకు మాట్లాడలేదు? 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే భారీ కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దానిచేత లెక్కలు చేయించినవాళ్లు ఆరుగురు స్త్రీలు. కే మెక్‌నల్టీ, బెటీ జెన్నింగ్స్, బెటీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. యంత్రం తయారుచేయడం మగవాళ్ల ఘనత, దానికి పని నేర్పడం గుమస్తా పని అనుకున్న రోజులవి. ఆ ప్రదర్శనలో వీళ్లకు పేరు రాలేదు, ఆ రాత్రి విందుకు పిలుపూ రాలేదు. తర్వాత ప్రోగ్రామింగుకు డబ్బూ గౌరవమూ వచ్చాయి, అది మగవాళ్ల మేధస్సుగా మారిపోయింది. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్సు డిగ్రీలు తీసుకున్నవారిలో స్త్రీలు 37 శాతం ఉండేవారు. తర్వాతి పాతికేళ్లలో అది దాదాపు సగానికి పడిపోయింది. పాతికేళ్లలో ఆడవాళ్ల మెదడు మారదు కదా! మారింది ఆ చోటు.

ఆ చోటు ఎలాంటిదో చెప్పే రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది, అమెరికా పరిశోధకులు 2016లో బయటపెట్టిన అధ్యయనం. గిట్‌హబ్ అనే వేదిక మీద లోకంలోని ప్రోగ్రామర్లు ఒకరి ప్రోగ్రాములకు మరొకరు సవరణలు పంపుతారు. నచ్చితే చేర్చుకుంటారు, లేకపోతే తిప్పికొడతారు. మొత్తం మీద స్త్రీలు పంపిన సవరణల్లో 78 శాతానికి పైగా అంగీకారం పొందాయి. పురుషులవి 74 శాతానికి పైగా. అంటే స్త్రీల పనే మెరుగు. అయితే ఆ బృందానికి కొత్తవాళ్లై, పంపింది ఆడమనిషి అని పేరును బట్టో ఫొటోను బట్టో తెలిసిపోయే సందర్భాల్లో, స్త్రీల అంగీకార శాతం పురుషులకంటే కిందికి దిగిపోయింది. పని మాట్లాడింది. కానీ ఆ పని చేసింది ఆడది అని తెలియనంతవరకే మాట్లాడింది.

రెండోది 2006 నాటిది. గ్నోమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థకు వేసవిలో విద్యార్థులచేత పని చేయించే ఒక పథకం కింద 181 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా స్త్రీల నుంచి రాలేదు. ‘ఆడవాళ్లకు ఆసక్తి లేదు, మేమేం చేస్తాం’ అని ఊరుకోవచ్చు. ఊరుకోకుండా, స్త్రీలు మాత్రమే రావాలని ప్రత్యేకంగా పిలుపునిచ్చారు. వందదాకా దరఖాస్తులు వచ్చాయి! మొదటి పథకంలోనూ డబ్బిచ్చారు, రెండోదానిలోనూ ఇచ్చారు. కొత్తగా వచ్చింది పిలుపు ఒక్కటే. ఆ ప్రయత్నమే పెరిగి ఇప్పుడు ఔట్‌రీచీ అనే పేరుతో, స్త్రీలకే కాక వివక్షకు గురయ్యే ఇతరులకు కూడా అవకాశాలిస్తోంది. మన దేశపు అమ్మాయిలు కూడా అందులోకి వెళుతున్నారు.

ఇక మన నేల మీదికి వద్దాం. మన దగ్గర కంప్యూటర్ సైన్సు తరగతుల్లో ఆడపిల్లలకు కొదవ లేదు. కాబట్టి ‘ఆసక్తి లేదు’ అన్న వాదం ఇక్కడ గడప దాటకముందే కూలిపోతుంది. అయినా 2017లో గిట్‌హబ్ ప్రపంచవ్యాప్తంగా చేసిన సర్వేలో ఇలా ఉమ్మడిగా ప్రోగ్రాములు రాసేవారిలో 95 శాతం పురుషులని, స్త్రీలు 3 శాతమేనని తేలింది. తరగతిలో ఉన్న ఆడపిల్ల అక్కడ ఎందుకు లేదు?

ఎందుకంటే ఆ పని చాలావరకు జీతం లేని పని. రాత్రిళ్లు, సెలవురోజుల్లో, తీరిక వేళల్లో చేసే పని. తీరిక ఎవరికి ఉంది? అబ్బాయి రాత్రి రెండింటిదాకా స్నేహితుడి గదిలో కూర్చుని కోడ్ రాసుకుంటే ‘వీడికి పట్టుదల ఎక్కువ’ అంటాం. అమ్మాయి హాస్టలు గేటు చీకటి పడకముందే మూతపడుతుంది. ఇంటినుంచి వచ్చే పిల్లయితే ఆఖరి బస్సు వేళను బట్టి ల్యాబ్ వదలాలి, ఇంటికెళ్లి అంట్లు తోమాలి, తమ్ముడికి అన్నం పెట్టాలి. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ ఉంటే అది ఎవరి ఒళ్లో ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. నలుగురు కలిసి చేసే ప్రాజెక్టులో కోడ్ అబ్బాయిలు రాస్తారు, రిపోర్టు అమ్మాయిలు రాస్తారు. ఇది ఇంటిపని విభజనే. వంటింట్లోంచి ల్యాబ్‌లోకి వచ్చింది, అంతే.

ఆళ్లగడ్డ శిల్పుల గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళుతున్నాయి. ఆ విద్య ఎక్కువగా తండ్రి నుంచి కొడుకుకు, గురువు నుంచి శిష్యుడికి చేతినుంచి చేతికి అందింది. ఉలి చేతికివ్వని ఆడపిల్లకు చెక్కే నేర్పు లేదని తీర్పు చెబితే మనం ఒప్పుకుంటామా? ప్రోగ్రామింగు విషయంలో ఆ తీర్పే ‘ప్రతిభ’ పేరుతో చెలామణి అవుతోంది. 2017లో గూగుల్ ఇంజనీరు ఒకతను ఈ రంగంలో స్త్రీలు తక్కువగా ఉండడానికి పుట్టుకతో వచ్చే తేడాలు కూడా కారణం కావచ్చని పెద్ద వ్యాసం రాసి సహోద్యోగులకు పంచాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అతన్ని సమర్థించినవాళ్లు కూడా తక్కువేం కాదు.

రెండో పెద్ద చర్చ మాటతీరు గురించి. లినక్స్ బృందంలో ఏళ్ల తరబడి తిట్లు, అవమానాలు మామూలు సంగతి. ‘కోడ్ బాగోలేకపోతే తిడతాం, తట్టుకోలేనివాళ్లు వెళ్లిపోవచ్చు’ అనేవారు. 2015లో సీనియర్ డెవలపర్ ఒకరు ఈ భాషకు నిరసనగా బయటికి వెళ్లిపోయారు. చివరికి 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ స్వయంగా తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు. అప్పుడే ఆ బృందం ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. దాని మీద ఎంత గగ్గోలు! ‘కోడ్‌లోకి రాజకీయాలు తెస్తున్నారు’ అన్నారు. తిట్టే హక్కును కాపాడటం రాజకీయం కాదట, తిట్టవద్దనడం రాజకీయమట. స్వేచ్ఛకు ప్రతీకగా నిలిచిన స్టాల్‌మన్ కూడా, లైంగిక దోపిడీకి గురైన ఒక అమ్మాయి విషయంలో చేసిన వ్యాఖ్యలపై దుమారం లేచాక 2019లో తాను స్థాపించిన సంస్థ నుంచి రాజీనామా చేశాడు. 2021లో ఆ సంస్థ బోర్డులోకి తిరిగి రాగానే ఎన్నో సంస్థలు నిరసన తెలిపాయి. ఉద్యమ నాయకుడిని ప్రశ్నిస్తే ఉద్యమానికి నష్టమనే వాదన మనకూ కొత్త కాదు.

మన తెలుగువాడి సంగతి కూడా చెప్పుకోవాలి. 2014 అక్టోబరులో కంప్యూటర్ రంగంలోని స్త్రీల పెద్ద సభలో, జీతం పెంచమని అడగడానికి సంకోచించే స్త్రీలకు మీ సలహా ఏమిటని మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్లను అడిగారు. అడగడం ముఖ్యం కాదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచండి, అడగకపోవడం మంచి కర్మ అన్న ధోరణిలో ఆయన జవాబిచ్చాడు. ప్రశ్న అడిగిన మరియా క్లావే వేదిక మీదే విభేదించింది. ఆయన ఆ రోజే తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం మంచిదే. కానీ ఆ జవాబు నోటికి అంత సులభంగా ఎలా వచ్చింది? ‘పని చేసుకుపో, ఫలితం అదే వస్తుంది’ అనే మాట ఊరకే కూర్చున్నా ఫలితం అందేవాళ్ల అనుభవం నుంచి పుడుతుంది. మన అనుభవం వేరు. అడగకుండా కూలి పెరిగిన చేను మనలో ఎవరూ చూడలేదు.

ఈ చర్చలు మర్యాదకు మాత్రమే సంబంధించినవి కావు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వేలానికి పెట్టినట్టు చూపించే యాప్‌లు బయటికొచ్చాయి. జర్నలిస్టులు, కార్యకర్తలు - నోరున్న ముస్లిం స్త్రీలే వాళ్ల గురి. ఆ యాప్‌లను ఉంచింది ఇందాక చెప్పిన గిట్‌హబ్ మీదే. అరెస్టయినవాళ్లలో ఇంజనీరింగు విద్యార్థి ఉన్నాడు, పద్దెనిమిదేళ్ల అమ్మాయి కూడా ఉంది. కోడ్ రాయడం వచ్చినంత మాత్రాన, ఆడపుట్టుక పుట్టినంత మాత్రాన వివేకం రాదు. ‘మేం కోడ్ మాత్రమే చూస్తాం’ అనేవాళ్ల దగ్గర ఇలాంటి కోడ్‌ను ఏం చేయాలనే ప్రశ్నకు జవాబు లేదు.

మరి మనం చేయగలిగిందేమిటి?

ఒకటి, తీరికను హక్కుగా అడుగుదాం. అబ్బాయిలకు ల్యాబ్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో అమ్మాయిలకూ అన్ని గంటలు తెరిచి ఉండాలి, హాస్టలుకు చేరే ఏర్పాటుండాలి. భద్రత పేరుతో గేటు మూయడం తేలిక, రోడ్డును భద్రంగా ఉంచమని నిలదీయడమే మన పని.

రెండు, 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్ల పనిచేసేవారికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. మన కొత్త జిల్లాలో అందులో ఎవరున్నారో, ఎన్నిసార్లు కూర్చున్నారో అడిగి తెలుసుకుందాం. ఫోనులోనో కంప్యూటర్‌లోనో జరిగే వేధింపు కూడా వేధింపేనని వాళ్లకు గుర్తుచేద్దాం.

మూడు, కోడ్ నేర్చిన అమ్మాయిలను మన సంఘాల్లోకి పిలుద్దాం. కేసుల వివరాలు, పొదుపు సంఘాల లెక్కలు మనం భద్రంగా దాచుకోవాలంటే వాళ్ల నేర్పు కావాలి. తిట్టే గుంపు ముందు కాకుండా, తెలిసిన అక్కల మధ్య మొదటి ప్రోగ్రాము రాయగల చోటు వాళ్లకూ కావాలి.

నాలుగు, లెక్కపెడదాం. ప్రాజెక్టు మీద పేరెవరిది, కోడ్ రాసిందెవరు, వేదిక మీద మాట్లాడిందెవరు? 1946లో ఆ ఆరుగురి పేర్లు అడిగినవాళ్లు లేకపోయారు. ఇక్కడ అడగడానికి మనం ఉన్నాం.

ప్రతిభ మన పిల్లలకు కొరతగా లేదు. వాళ్లకు కొరతగా ఉన్నవి గంటలు, గది, పిలుపు, గౌరవం. ఇవి ఎవరి కర్మ వల్లా రావు. అడిగితేనే వస్తాయి, కలిసి అడిగితే త్వరగా వస్తాయి.