ఆ బీడుకు పుల్లరెంత?

నాన్నగారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఇంతవరకూ డాక్టర్లనే పిలిచారు. నేను నర్సుని. డాక్టరు కూతురు నర్సవడమేమిటని ఆయన చాలాకాలం ముఖం ముడుచుకునే ఉన్నారు. చివరికి ఆయన పేరుమీద నన్నే నిలబెట్టారు మీరు. మంచి పనే చేశారు.

1974లో నాకు పదేళ్లు. ఈ ఊరి బళ్లో అయిదో తరగతి ముగించి, అమ్మతో కలిసి ఇంగ్లండు ఈశాన్యాన యార్క్‌షైరులోని ఎస్క్ నది లోయకు చేరాను. ఆ ప్రాంతాన్ని నార్త్ యార్క్ మూర్స్ అంటారు. 1952 నుంచి అది నేషనల్ పార్కు. నాన్నగారు మాకన్నా రెండేళ్లు ముందే అక్కడికి వెళ్లారు. పట్నాల్లో ఉద్యోగాలకు పోటీ ఎక్కువ. గనుల ఊళ్లకూ, మిల్లుల ఊళ్లకూ, ఇలాంటి మారుమూలలకూ అక్కడి డాక్టర్లు అంతగా మొగ్గేవారు కారు. ఆ ఖాళీల్లో మన దేశంనుంచి వెళ్లినవాళ్లు చాలామంది కుదురుకున్నారు.

వెళ్లిన వారానికే తాతయ్యకు నీలం ఏరోగ్రామ్ మీద ఉత్తరం రాశాను. "ఇక్కడ అంతా బీడు తాతయ్యా. చెట్టు లేదు, చేను లేదు. గొర్రెలు మాత్రం ఉన్నాయి." నాకు తెలిసిన నేల ఇది: కాలవ పక్కన కాలవ, గట్టు పక్కన గట్టు, గట్టు మీద కూడా కంది మొక్క. దున్నని నేలకు నా దగ్గర ఉన్న మాట బీడు ఒక్కటే.

తాతయ్య ఈ ఊరి కరణం. 1984 జనవరిలో ప్రభుత్వం కరణీకాలు తీసేసేదాకా అడంగల్ ఆయన చేతిలోనే ఉండేది. బీడు అన్న మాట ఆయన చెవిలో దిగులుగా పడలేదు, లెక్కగా పడింది. ఆయన జవాబు నా దగ్గర ఇప్పటికీ ఉంది. "అమ్మాయీ, బీడు అని ఊరుకుంటే చాలదు. పట్టా ఎవరి పేరున ఉంది? బంజరా, పోరంబోకా? గొర్రెలవాళ్లు పుల్లరి కడతారా? కడితే ఎంత? కనుక్కుని రాయి." పల్నాడులో అడవిలో పశువులు మేపినందుకు సర్కారు వేసిన పుల్లరిని ఎదిరించి, 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలైనప్పుడు తాతయ్య పిల్లవాడు. మేత మీద పన్ను అంటే ఆయనకు ఉత్తి లెక్క కాదు.

పదేళ్ల పిల్లను నేనేం కనుక్కుంటాను? ముందు పలకరింపే అర్థం కాలేదు. ఎదురుపడినవాళ్లంతా "నౌ దెన్" అనేవారు. ఇప్పుడూ, అప్పుడూ అంటారేమిటి, ఎప్పుడని అడుగుతున్నారు? అది కేవలం "ఏమ్మా, బావున్నావా" అన్నమాటేనని తెలిసేసరికి నెల పట్టింది.

నాన్నగారి తిప్పలు వేరు. ఆ రైతులు నొప్పిని నొప్పి అనరు. "నాబట్ మిడ్లిన్" అంటారు. పర్లేదు, అంతంతమాత్రం అని. ఫోనులో ఆ మాట వినబడగానే నాన్నగారు సంచి అందుకునేవారు. అలా అన్న ఒకాయన గుండెపోటుతోనే ఆరు ఆవుల పాలు పితికి మరీ ఫోను చేశాడు. మొదట్లో ఈ నల్ల డాక్టరు వద్దు అన్నవాళ్లూ లేకపోలేదు. ఓ మంచు రాత్రి మైలున్నర నడిచి వెళ్లి ఒకావిడకు పురుడు పోశాక ఆ మాట వినబడలేదు. మనసులు మారాయో లేదో చెప్పలేను.

మందుల షాపు మైలుకన్నా దూరముంటే డాక్టరే మందులు ఇవ్వవచ్చని అక్కడ నియమం. అందుకని మా ముందుగది మందులగది. అమ్మ మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో పోస్తే, చీటీలు నేను అంటించేదాన్ని. రోడ్డు వార పాలక్యానులు పెట్టే రాతి అరుగులుండేవి. దూరపు ఇళ్లవాళ్ల సీసాలు అక్కడ పెట్టేవాళ్లం. సాయంత్రానికి సీసా పోయి, దాని స్థానంలో ఒక్కోసారి ఆరు గుడ్లు ఉండేవి.

మా లోయలోని డాన్బీ గ్రామానికి 1847లో వచ్చి, 1900లో పోయేదాకా అక్కడే ఉన్న ఆట్కిన్సన్ అనే చర్చి గురువు, ఆ నేలమీద తన నలభై ఏళ్ల గురించి 1891లో పుస్తకం వేశాడు. నాన్నగారు పాత సామాన్ల అమ్మకంలో కొని, దాన్ని మంచం పక్కన పెట్టుకున్నారు. "ఈయన కూడా నాలాగే ఇల్లిల్లూ తిరిగాడు, కానీ కాలినడకన" అనేవారు.

నేను నర్సునై అదే లోయలో తిరిగింది ముప్ఫై ఏళ్లకు పైనే. కాలి పుళ్లకు కట్లు కట్టడమే సగం పని. ఒక ముసలి కాపరి ఇంటికి వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టె, అందులో చలికి వణికే గొర్రెపిల్ల. ముందు దానికి గొట్టంతో జున్నుపాలు పట్టేదాకా ఆయన కాలు చాచడు. నాలుగు పొరల కట్టు: దూది, ముడత గుడ్డ, సాగే పట్టీ, పైన అంటుకునే పట్టీ. చీలమండ దగ్గర బిగువు, మోకాలి దగ్గర వదులు. కట్టడం అరగంట పని. కాలు పైకెట్టుకుని కూర్చోమని చెప్పేదాన్ని. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనుతుంటే కూర్చునేదెవరు? మర్నాటికల్లా కట్టు బురద.

నా బీడు లెక్క తప్పని చెప్పింది ఆయనే. ఆ కొండమీద మొక్కను హెదర్ అంటారు. ఆగస్టులో వంగపండు రంగున పూస్తుంది. తేనెపెట్టెలు అప్పుడే పైకి చేరతాయి. అదే నెల 12న గ్రౌస్ పిట్టల వేట మొదలు. ముదిరిన హెదర్‌ను ముక్కలు ముక్కలుగా కాలుస్తారు, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 లోగానే. లేత చిగుళ్లు పిట్టకూ గొర్రెకూ మేత. ఆ మంటలు కింద కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేలకు చేటని ఇప్పుడు పెద్ద గొడవ. నాకు రెండు పక్షాలూ కొంత నిజమే అనిపిస్తాయి. ఒకప్పుడు అదంతా అడవేనట. కంచుయుగంలో జనం నరికి, మేపి, అలా చేశారు. మేపడం, కాల్చడం ఆపేస్తే మళ్లీ పొదలు లేస్తాయి. అంటే, మనిషి చెయ్యి పడకుండా మిగిలిన నేల కాదది.

గొర్రెకు కంచె లేదు. తల్లి ఎంతమేర తిరిగితే పిల్ల అంతమేరే తిరుగుతుంది, దాని పిల్లా అంతే. దాన్ని హెఫ్ట్ అంటారు. పొలం చేతులు మారినా మంద అక్కడే ఉండిపోవడం కద్దు. 2001లో గాలికుంటు వచ్చి, దేశమంతా లక్షలకొద్దీ పశువులను చంపుతున్నప్పుడు ఆ ముసలాయనను చూశాను. గేటు ముందు మందునీళ్లలో నానిన గడ్డి పరిచారు. నేను లోపలికి పోలేదు. ఆయనే వచ్చి, గోడమీద కాలు పెట్టాడు, అక్కడే కట్టు కట్టాను. డబ్బు మాట ఎత్తలేదు. "ఈ మంద పోతే కొత్త గొర్రెలకు హద్దు చెప్పేదెవరు?" అన్నాడు. ఆయన మంద దక్కింది.

ఆయన దగ్గరే గొర్రెల పాత లెక్క విన్నాను. యాన్, టాన్, టెదెరా, మెదెరా, పింప్. అలా ఇరవైదాకా, మళ్లీ మొదటికి. మన కళ్లాల్లో ఒకటి అనకుండా లాభం అని మొదలుపెడతారని చెబితే, "మరి నష్టం ఎన్నో అంకె?" అని అడిగాడు.

తాతయ్య 1985లో పోయారు. ఆయన పుల్లరి ప్రశ్నకు జవాబు రాయలేదు నేను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, డాన్బీ కోటలో ఏటా అక్టోబరులో కోర్టు లీట్ అనే పాతకాలపు సభ జరుగుతుందని తెలిసింది. నేను బీడన్న ఆ ఉమ్మడి నేలను ఎవరైనా ఆక్రమిస్తే రుసుము వేసేది ఆ సభవాళ్లే. నేల దొరగారి ఎస్టేటుది, మేపే హక్కు రైతులది. 1965 చట్టం కింద ఆ హక్కులన్నీ రిజిస్టరుకెక్కాయి.

రిటైరయ్యే ముందు కౌంటీ ఆఫీసుకు వెళ్లి ఆ రిజిస్టరు తెప్పించుకున్నాను. అడంగల్ పుటలాగే గళ్లు గీసి ఉంది. పొలం పేరు, ఎన్ని గొర్రెలు, పొయ్యిలోకి మట్టిపెళ్లలు కోసుకోవచ్చా, పశువుల కింద పరిచే గడ్డి తెచ్చుకోవచ్చా. ముసలాయన పొలం దొరికింది, దాని ఎదుట గొర్రెల అంకె కూడా. పుల్లరి గడి కోసం రెండుసార్లు వెతికాను. అది లేదు.