మోటారు సైకిలును బండిలో కట్టు విధము
(ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పండుగనాడు మోటారు సైకిలును గురించి మాట్లాడుట ఏమిటని కొందరు నవ్వుకొనవచ్చును. పంచాంగ శ్రవణము చేయుటకు శాస్త్రులవారు ఉన్నారు, పద్యములు చదువుటకు మన తెలుగు మాస్టరుగారు ఉన్నారు. మేము రైల్వే గుమాస్తాలము. మాకు తెలిసినది సరకు, తూకము, రసీదు, కట్టు. కార్యదర్శిగారు "మీకు తెలిసినదే చెప్పండి, నలుగురికి పనికివస్తే చాలును" అన్నారు గనుక ధైర్యము చేసి నిలబడినాము.

ఈ విషయము మా మనసులో మెదలుటకు కారణము అమెరికాలోనున్న మా చిన్నాన్నగారి కుమారుడు. అతడు పోయిన నెల ఫోనులో, "అన్నా, మేము నలుగురము కలిసి టాయ్ హాలర్ అద్దెకు తీసుకొని పర్వతాల వైపు పోతున్నాము. మోటారు సైకిళ్ళు అందులోనే పెట్టుకొంటాము. నీవు పార్సిలు ఆఫీసులో పని చేస్తావు గదా, ఎట్లా కట్టాలో చెప్పు" అని అడిగెను. టాయ్ హాలర్ అనగా ఆటబొమ్మలు మోసే బండి యని అర్థము. మేము మొదట పిల్లల బొమ్మల సంగతి అనుకొంటిమి. విచారింపగా తెలిసినదేమనగా, అది చక్రముల మీది ఇల్లు. ముందు భాగమున పడక, పొయ్యి, స్నానపు గది. వెనుక భాగము వాహనముల కొట్టు. వెనుక తలుపును క్రిందికి దింపితే అదే ఏటవాలు పలక అగును. దాని మీదుగా మోటారు సైకిలును లోపలికి ఎక్కింతురు. రెండు వందల కిలోల ఇనుము వారికి బొమ్మ! సరే, ఎవరి బొమ్మలు వారివి.

అతడికి ఏమి చెప్పినామో తరువాత చెప్పెదము. ముందు మన ఊరి సంగతి చెప్పవలెను. ఏలయన మన ఒట్టన్‌చత్రంలో టాయ్ హాలర్ లేకపోయినను కుట్టియానై ఉన్నది. 2005లో టాటావారు విడిచిన ఏస్ అనే చిన్న బండిని అరవదేశమంతయు కుట్టియానై, అనగా గున్న ఏనుగు, అని పిలుచుచున్నది. మన కూరగాయల సంతకు టమాటా, మునగకాయ దానిమీదనే వచ్చును. మన పిల్లలు కోయంబత్తూరుకో తిరుప్పూరుకో ఉద్యోగములకు పోయి కాపురము పెట్టునప్పుడు మంచము, బీరువా, వంటసామాను, వాటితోబాటు మోటారు సైకిలు దానిమీదనే పోవును. మన పూర్వులు ఎద్దుబండ్లమీద ఈ సీమకు వచ్చినారని ముసలివారు చెప్పుదురు. మన పిల్లలు గున్న ఏనుగు మీద పోవుచున్నారు.

2017లో మా బావమరిది తిరుప్పూరులో బనియను కంపెనీలో ఉద్యోగము వచ్చి బయలుదేరినాడు. అతని బుల్లెట్టు బండిని కుట్టియానై ఎక్కించినాము. పక్క స్టాండు వేసి నిలబెట్టి, హాండిలుకు ఒక కొబ్బరి మోకు చుట్టి, రెండు కొసలు తొట్టికి కట్టినాము. ఆ ముడి వేసినది మేమే. ఎంత లాగినా జరుగదు, మంచి ముడి. అయినను అతడు, "బావా, మీరు ముందర కూర్చోండి, నేను వెనుక పట్టుకొని వస్తాను" అన్నాడు. మేము సరేనన్నాము. ధారాపురము దారిలో ఒక స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరిపడినది. ముడి విడలేదు, మోకు తెగలేదు. అయినను మోటారు సైకిలు పక్కకు ఒరిగి అతని కాలిమీద పడినది. మోకాలి క్రింద ఎముక రెండుచోట్ల విరిగినది. మూడు మాసములు మంచము. ఆ ఉద్యోగము వేరొకరికి పోయినది. మా అత్తగారు మమ్ము ఒక్కమాట అనలేదు. అనినట్లయితే బాగుండెడిది.

ముడి విడకుండ, మోకు తెగకుండ బండి ఎట్లు పడినది? చాలా దినములు ఇదే ఆలోచించినాము. తరువాత మోటారు సైకిళ్ళను లారీలలో కంపెనీ నుండి తెచ్చేవారిని అడిగి తెలుసుకొన్నాము. మోటారు సైకిలు బీరువా వంటిది కాదు. దాని ముందు చక్రమునకు పైన ఫోర్కులలో స్ప్రింగులు ఉన్నవి. గుంట వచ్చినప్పుడు స్ప్రింగు అణగును. అణగినప్పుడు హాండిలు క్రిందికి దిగును. హాండిలు దిగితే మోకు వదులగును. ఒక్క క్షణము చాలును. ఆ క్షణములో బరువు పక్కకు వాలితే, స్ప్రింగు మరల లేచునప్పటికి బండి తన చోట ఉండదు. పైగా కొబ్బరి మోకు లాగినకొద్దీ కొంత సాగును. కాబట్టి ముడి ఎంత మంచిదైనను ప్రయోజనము లేదు. మేము ముడిని నమ్మినాము, స్ప్రింగును మరచినాము.

కనుక కట్టునప్పుడే స్ప్రింగును కొంత అణచి కట్టవలెను. అప్పుడు అది ఎల్లవేళల పైకి తోయుచు పట్టీని బిగువుగా ఉంచును. సగముకంటె ఎక్కువ అణచరాదు. పూర్తిగా అణచి దూరప్రయాణము చేయిస్తే ఫోర్కులోని నూనె సీలులు చెడవచ్చును. మోకునకు బదులు లారీవారు బెల్టు అని పిలిచే రాచెట్ పట్టీలు కొనుడు. అవి సాగవు. పిడిని ఆడించినకొద్దీ పల్లు పల్లుగా బిగియును. నాలుగు కావలెను, రెండు ముందు, రెండు వెనుక. ముందటివి హాండిలు కొసలకు తగిలించరాదు. కొసలు వంగును, రబ్బరు పిడి జారును. ఫోర్కు రెండు కాళ్ళను కలిపి పట్టిన ఇనుపపట్టు ఒకటి హాండిలు దిగువన ఉండును, దానికి గుడ్డపట్టీ ఒకటి చుట్టి దానికి కొక్కెము తగిలించుడు. అక్కడినుండి పట్టీ ముందుకు, పక్కకు, క్రిందికి, సుమారు నలుబది యైదు డిగ్రీల వాలున తొట్టి మూలలకు పోవలెను. నిట్టనిలువుగా కడితే పక్కకు ఆపదు, అడ్డముగా కడితే క్రిందికి అణచదు. ఎడమ కొంత, కుడి కొంత, మార్చి మార్చి బిగించుడు. ఒకేపక్క బిగిస్తే బండి అటు వాలును.

ముందు చక్రము తొట్టి ముందుగోడకు ఆని ఉండవలెను. పక్కలకు కొయ్యదిమ్మలు పెట్టి చక్రము తిరుగకుండ చేయవలెను. స్టాండు మీద బరువు ఉంచి కట్టరాదు. రెండు చక్రములు నేలమీద ఉండవలెను, స్టాండు మడిచి ఉండవలెను, గేరు ఒకటిలో ఉండవలెను. వెనుక పట్టీలు వెనుక చట్రమునకు. కొక్కెములు గుంటలో ఎగిరి ఊడకుండ టేపు చుట్టుడు. బయలుదేరిన పది పదునైదు కిలోమీటర్లకు ఒక టీ కొట్టు దగ్గర ఆపి, పట్టీలను చేతితో మీటి చూడుడు. టీ త్రాగకపోయినను ఫరవాలేదు, ఆపుట మానరాదు.

ఎక్కించునప్పుడు ఇంజను ఆపి, ఇద్దరు చెరియొక పక్క పట్టి నడిపించవలెను. పలక పైకొసను తొట్టికి కట్టవలెను. కట్టని పలక జారునప్పుడు మనిషి, బండి, పలక మూడును ఒకచోటనే పడును. మన సంతలో లారీలకు సరకు ఎక్కించే ఎత్తుదిమ్మలు ఉన్నవి గదా, అనుమతి అడిగి అక్కడ ఎక్కించుకొంటే పలక అవసరమే లేదు.

అన్నిటికంటె ముఖ్యముగా, వెనుక మనిషి కూర్చొనరాదు. బండి గట్టిగా బ్రేకు వేసినప్పుడు లోని వస్తువు తన బరువులో సగమునకు మించిన బలముతో ముందుకు తోసుకొనును. నూట తొంబది కిలోల బుల్లెట్టు అయితే ఆ తోపు వంద కిలోలకు తక్కువ ఉండదు. ఏ బావమరిది దానిని చేతులతో ఆపగలడు? సరకుబండి వెనుక మనిషిని కూర్చోబెట్టుట చట్టమునకును విరుద్ధము, ప్రమాదమైతే బీమావారు తప్పుకొనెదరు.

ఇక మా రైలు సంగతి. దూరప్రయాణమునకు రైలే మేలని మేము చెప్పితే జీతము పుచ్చుకొనేవాడు చెప్పుచున్నాడని అందురు. అయినను చెప్పుచున్నాము. తామే టిక్కెట్టు కొని అదే రైలులో పోవువారు బండిని లగేజీగా బుక్ చేయవచ్చును, తాము పోనివారు పార్సిలుగా పంపవచ్చును. రైలు తక్కువసేపు ఆగే చిన్న స్టేషనులలో ఇది కుదరదు, పెద్ద స్టేషనులోనే ఎక్కించవలెను. ఆర్.సి. నకలు, బీమా నకలు, గుర్తింపు కార్డు తెచ్చుడు. ఇక్కడ కట్టు మీ చేతిలో లేదు. గార్డు పెట్టె పక్కనున్న గదిలో చేపల బుట్టతో, బట్టల మూటతో కలిసి నిలబడును. కాబట్టి మూటయే దానికి రక్షణ. అద్దములు విప్పి, గడ్డి, గోనెపట్టా చుట్టి కుట్టించుడు. హాండిలు తాళము వేయరాదు, గేరు న్యూట్రలులో ఉంచవలెను, కూలీలు తోయవలెను గదా. కుట్టియానైలో ఒకటవ గేరు, రైలులో న్యూట్రలు. ఇది కలగాపులగము చేసుకొనకుడు. బయలుదేరు స్టేషను, చేరు స్టేషను పేర్లు అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసి రెండుచోట్ల కట్టుడు. చేరిన తరువాత ఆలస్యము చేస్తే నిలువ సుంకము పడును. అప్పుడు గుమాస్తాను తిట్టిన ఫలము లేదు.

పెట్రోలు మాత్రము ఒక చుక్క ఉండరాదు. ఇంటివద్దనే, ఆరుబయట, పొయ్యికి దూరముగా తీయించి తెండు. పెట్రోలు ద్రవము కంటె దాని ఆవిరి చెడ్డది. అది గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు, నేలవెంట ప్రాకి మూలలలో నిలుచును. అంటుకొనుటకు ఎండవేడిమి కూడ అక్కరలేదు, మంచుకాలములోను ఒక నిప్పురవ్వ చాలును. ప్రమాదకర వస్తువును అక్రమముగా రైలులోకి తెచ్చువారికి 1989 రైల్వే చట్టము 164వ సెక్షను క్రింద మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష ఉన్నది. కొందరు "కొంచెమే గదా సార్" అందురు. 2023 ఆగస్టు 26వ తేది తెల్లవారుజామున మన మదురై స్టేషను యార్డులో నిలిచియున్న యాత్రికుల పెట్టె కాలిపోయినది. అనుమతి లేకుండ లోపలికి తెచ్చిన గ్యాసు సిలిండరు అందుకు కారణము. తొమ్మిదిమంది మరణించిరి. ఉత్తరప్రదేశ్ నుండి దేవుని చూచుటకు వచ్చినవారు. అప్పటినుండి మేము "కొంచెమే గదా" అనే మాటకు జవాబు చెప్పుట లేదు, బండిని తిప్పి పంపుచున్నాము.

అమెరికాలోని తమ్మునికి మేము మొదట చెప్పినది కూడ ఇదియే. ఆ చక్రముల ఇంటిలో ఒక గోడకు ఇటు పెట్రోలు బండ్లు, అటు గ్యాసు పొయ్యి, గ్యాసుతో నీళ్ళు కాగు యంత్రము. కొన్నిటిలో ఆ గోడ కూడ ఉండదట, బండ్ల పైననే మడతమంచము దింపుకొని పండుకొందురట. బండ్లను బయటికి దింపి, తలుపులు తెరచి గాలి ఆడనిచ్చిన తరువాతగాని పడక వేయవద్దని, ప్రయాణములో గ్యాసు మూసి ఉంచమని చెప్పినాము. పట్టీలు తగిలించుటకు నేలలో ఇనుపకడియములు ఉన్నవన్నాడు. అవి క్రింది ఇనుప చట్రమునకు బిగించినవా, ఉత్త పలకకు బిగించినవా చూచుకొమ్మన్నాము.

రెండవది బరువు సంగతి. లాగే బండికి తగిలించు కొన మీద మొత్తము బరువులో నూటికి పది నుండి పదునైదు వంతులు మోపి ఉండవలెనని అక్కడి నియమము. వాహనముల కొట్టు ఇరుసునకు వెనుక ఉన్నది గనుక మోటారు సైకిళ్ళు ఎక్కించినకొద్దీ ముందు బరువు తగ్గును. మరీ తగ్గితే వెనుక బండి తోక ఆడించినట్లు రోడ్డుమీద ఊగులాడును. ఇది మా తమ్మునికి ఎంత చెప్పినను తలకెక్కలేదు. అప్పుడు ఫోను పక్కన కూర్చున్న మా నాయనగారు అందుకొని, "ఒరే, ఎద్దుబండికి వెనుక బరువైతే ఏమవుతుంది? కాడి పైకి లేచి ఎద్దు మెడపట్టెడ గొంతుకు బిగుసుకొంటుంది. మూటలు ముందుకు జరుపుకో" అన్నారు. అవతల ఒక నిమిషము మాటలేదు. తరువాత "అర్థమైనది పెదనాన్నా" అన్నాడు. నీళ్ళ తొట్టి, సామాను ఇరుసునకు ముందుకు సర్దుకొని, తూకపు రాతిమీద తూచి బయలుదేరినారట. క్షేమముగా తిరిగివచ్చినట్లు పటములు పంపినాడు.

మా బావమరిది కాలు కుదిరినది. కొంచెము కుంటు మిగిలినది. అతడు ఇప్పుడు ధారాపురములో దుకాణము పెట్టుకొని, పండుగకు ఇక్కడికి వచ్చియున్నాడు. ఆ బుల్లెట్టు కూడ వచ్చినది. మండపము వెలుపల కుట్టియానై ఒకటి నిలిపియున్నాము, నాలుగు పట్టీలు తెచ్చినాము. భోజనములైన పిమ్మట ఆసక్తిగలవారు రండి, కట్టి చూపెదము. కట్టునది మేము, బిగువు పరీక్షించునది అతడు.